ఇల్లు మీదే, నేల ఎవరిది? సురాబాయాలో ‘సురత్ ఈజో’ చిక్కుముడి

ఒక వీధిలో పక్కపక్కనే రెండు ఇళ్లు ఉన్నాయనుకోండి. రెండిటికీ ఎర్ర పెంకుల కప్పు, ముందు ఒక మామిడి చెట్టు, గేటు ముందు నుంచే పోయే మురుగు కాలువ. స్థలం కూడా రెండిటికీ 120 చదరపు మీటర్లే. అయినా రెండో ఇంటి ధర మొదటిదానికన్నా బాగా తక్కువ చెబుతారు. కారణం గోడల్లో లేదు, బీరువాల్లో ఉంది. మొదటి ఇంటి బీరువాలో ఉన్నది భూమి మీద హక్కు పత్రం. రెండో ఇంటి బీరువాలో ఉన్నది ఆ భూమిని వాడుకోవడానికి నగరపాలక సంస్థ ఇచ్చిన అనుమతి పత్రం. సురాబాయా జనం దాన్ని ‘సురత్ ఈజో’ అంటారు. ఆకుపచ్చ కాగితం అని అర్థం.

ఇండోనేషియాలో జకార్తా తర్వాత అతి పెద్ద నగరం సురాబాయా. తూర్పు జావాకు రాజధాని, జనాభా 30 లక్షలకు దగ్గర. ఉత్తరాన తంజుంగ్ పెరాక్ రేవు, నగరం మధ్యలోంచి పారే కాలి మాస్ నది. పాతకాలంలో ఆ నదే రేవు, పడవలు లోపలిదాకా వచ్చేవి. డచ్చివాళ్ల హయాంలో చక్కెర, కాఫీ వ్యాపారం పెరిగేకొద్దీ పాత ఊరు ఇరుకైంది. కలిగినవాళ్లు నది వెంట దక్షిణానికి, తూర్పు ఒడ్డుకు జరిగారు. 1878లో సురాబాయా నుంచి పసురువాన్‌కు రైలు మార్గం పడింది. గుబెంగ్ స్టేషన్ ఆ మార్గం మీదే ఉంది. అలా స్టేషన్ చుట్టూ, నది పక్కన ఎదిగిన ప్రాంతం గుబెంగ్.

ఇల్లు కొనాలనుకునేవాళ్ల కళ్లు గుబెంగ్ మీద ఎందుకు పడతాయో ఒక్కసారి అక్కడ తిరిగితే తెలుస్తుంది. ఎయిర్‌లాంగా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లు ఇక్కడే ఉన్నాయి. డాక్టర్ సుతోమో పేరుతో తూర్పు జావా మొత్తానికీ పెద్ద దిక్కైన ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఇక్కడే. మెడికల్ విద్యార్థులు, నర్సులు, దూరపు జిల్లాల నుంచి వచ్చే రోగుల బంధువులు, అందరికీ గది కావాలి. అందుకే ఏ సందులోకి వెళ్లినా గేటుకు ‘కోస్’ అన్న బోర్డు కనిపిస్తుంది. కోస్ అంటే గదుల వారీగా నెలకు అద్దెకిచ్చే ఇల్లు. మన హాస్టల్‌కూ పోర్షన్‌కూ మధ్య రకం. ఆడపిల్లలకు వేరే, మగపిల్లలకు వేరే, కొన్నిచోట్ల రాత్రి గేటు వేసే వేళ కూడా రాసి పెడతారు. ఇల్లంతా అద్దెకు తీసుకుంటే మాత్రం పద్ధతి మారుతుంది. దాన్ని ‘కొంత్రాక్’ అంటారు. ఏడాది అద్దె, ఒక్కోసారి రెండేళ్లది, ముందే ఒకేసారి కట్టేయాలి. ఉద్యోగం మీద వెళ్లే మనవాళ్లు మొదట ఖంగు తినేది ఇక్కడే. నెలనెలా కడదామనుకుంటే కుదరదు.

పెద్ద రోడ్ల వెనక ఉండే కంపుంగ్‌ల జీవితం వేరు. కంపుంగ్ అంటే సందుల పేట. సందుకు ‘గాంగ్’ అని పేరు, గాంగ్ 1, గాంగ్ 2 అని నంబర్లు. చాలా గాంగ్‌ల మొదట్లో బండి దిగి నడిపించుకుంటూ వెళ్లమని బోర్డు ఉంటుంది. ఎంతటివాడైనా ఇంజన్ ఆపి, బండి తోసుకుంటూ, అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లకు తల వంచి పలకరించి పోవాల్సిందే. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ‘ఎర్-తే’ దగ్గరికి వెళ్లి వివరాలు ఇవ్వాలి. ఎర్-తే అంటే కొన్ని పదుల ఇళ్లకు కలిపి ఒక పెద్ద ఉండే వీధి సంఘం. చెత్త బండి, కాపలా మనిషి, కుళాయి తగవు, చావు కబురు, అన్నీ ఆయన చెవిన పడతాయి. కొనబోయే ఇంటి గురించి రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరకని సంగతులు కూడా ఆయనకు తెలుసు. ఈ విషయానికి చివర్లో మళ్లీ వస్తాను.

ఇప్పుడు కాగితాల సంగతి. 1960 సెప్టెంబర్ 24న ఇండోనేషియా మౌలిక భూ చట్టం తెచ్చింది. డచ్చి చట్టం కింద కొందరికి, ఊరి ఆచారం కింద కొందరికి ఉన్న రెండు రకాల హక్కులను కలిపి ఒకే పద్ధతి చేసింది. అందులో అన్నిటికన్నా గట్టిది ‘హక్ మిలిక్’. కాలపరిమితి లేదు, పిల్లలకు వస్తుంది, అమ్మొచ్చు, తనఖా పెట్టొచ్చు. ఇది ఇండోనేషియా పౌరులకు మాత్రమే. కొన్ని మత, సామాజిక సంస్థలను మినహాయిస్తే కంపెనీకి కూడా దొరకదు. తర్వాతిది ‘హక్ గునా బాంగునాన్’, అక్కడ అందరూ ‘హా-గే-బే’ అంటారు. వేరేవారి భూమి మీద ఇల్లో దుకాణమో కట్టుకుని ఉంచుకునే హక్కు. 30 ఏళ్లు ఇస్తారు, 20 ఏళ్లు పొడిగిస్తారు, ఆ తర్వాత మరో 30 ఏళ్లకు కొత్తగా ఇస్తారు. ‘హక్ పకాయ్’ వాడుకునే హక్కు. విదేశీయుడు ఇల్లు కొంటే అతని చేతికి వచ్చేది ఇదే.

వీటితో పాటు జనం చేతుల్లో తిరిగే పాత కాగితాలున్నాయి. సురాబాయాలో ఎక్కువగా వినపడేది ‘పెతోక్ డే’. ఒకప్పుడు భూమి శిస్తు కట్టినట్టు ఊరి పుస్తకంలో రాసిన ఆధారం అది. దశాబ్దాలుగా జనం దాన్నే పట్టాలా చూసుకుని కొన్నారు, అమ్మారు. 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నిబంధన దీనికి ఐదేళ్ల గడువు పెట్టింది. అది 2026 ఫిబ్రవరితో ముగిసింది. ఇక పెతోక్ డే హక్కుకు సాక్ష్యం కాదు, ఆ భూమి ఎవరిదో వెతకడానికి దారి చూపే కాగితం మాత్రమే. “తాతల నాటి పెతోక్ ఉంది, భయం లేదు” అని ఎవరైనా చెబితే ఆ మాట మీద ఒక్క రుపియా కూడా పెట్టకండి.

ఆకుపచ్చ కాగితం వెనక కథ

సురత్ ఈజో ఈ చట్టబద్ధమైన హక్కుల్లో ఏ ఒక్కటీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

1906 ఏప్రిల్ 1న డచ్చి ప్రభుత్వం సురాబాయాను ‘గెమీంతె’, అంటే పురపాలక సంఘం చేసింది. ఊరు పెరుగుతుంటే కొత్త పేటలు వేయడానికి ఈ గెమీంతె ప్రైవేటు జమీందారీ లాంటి భూములను కొనింది. గుబెంగ్, కెతబాంగ్, ఎన్‌గాగెల్ వైపు పేటలు అలా వెలిశాయి. యుద్ధం వచ్చింది, జపాన్ వాళ్లు వచ్చారు, 1945 నవంబర్‌లో సురాబాయా వీధుల్లో బ్రిటిష్ సైన్యంతో భీకర పోరు జరిగింది. జనం పారిపోయారు, తిరిగి వచ్చారు, ఖాళీగా ఉన్న చోటల్లా గుడిసె వేసుకున్నారు. చిత్తడి నేలను సొంత చేతులతో పూడ్చుకున్నవాళ్లున్నారు. అంతకుముందున్నవాళ్లకు డబ్బిచ్చి స్థలం తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

గెమీంతె ఆస్తులకు వారసులమని స్వతంత్ర ఇండోనేషియాలో నగరపాలక సంస్థ చెప్పుకుంది. 1960 చట్టం తర్వాత వచ్చిన నిబంధనల కింద ఈ భూములు ‘హక్ పెంగెలోలాన్’ అనే నిర్వహణ హక్కు కిందికి చేరాయి. దాని ఆధారంగా నగరపాలక సంస్థ అక్కడ ఉంటున్నవాళ్లకు భూమి వాడుకునే అనుమతి రాసిచ్చింది. 1997 నాటి నగర చట్టం ప్రకారం ఈ అనుమతులు మూడు రకాలు: 20 ఏళ్లది, 5 ఏళ్లది, 2 ఏళ్లది. గడువు తీరగానే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, ఏటా రుసుము కట్టాలి. ఇలాంటి స్థలాలు నగరంలో 46 వేలకు పైగా ఉన్నాయి. గుబెంగ్‌లోని బరాతాజయా, దాని పక్కనున్న ఎన్‌గాగెల్, రేవు దగ్గరి పెరాక్, ఇలా నగరమంతా పరుచుకుని ఉన్నాయి.

ఆ ఇంట్లో ఉండే మనిషి వైపు నుంచి చూడండి. ఏడాదికి ఆమెకు రెండు బిల్లులు వస్తాయి. ఒకటి భూమి, భవనాల పన్ను. అందరు యజమానుల్లాగే ఆమె కూడా కట్టాలి. రెండోది నగరపాలక సంస్థకు వాడకం రుసుము. దీన్ని కిరాయిదారు లాగా కట్టాలి. ఒకే నేలకు ఒక కాగితం ఆమెను యజమాని అంటుంది, రెండో కాగితం కాదంటుంది. ఇల్లు ఆమెదే, ఇటుకలు ఆమెవే, అమ్మితే గోడల విలువ ఆమెదే. కింద నేల మాత్రం కాదు. తండ్రి, తాత అదే ఇంట్లో పోయిన కుటుంబాలకు ఇది పన్ను సమస్యగా కాకుండా అవమానంగా అనిపిస్తుంది. అందుకే నేల హక్కు తమకే ఇవ్వాలన్న వీళ్ల ఉద్యమం ఏళ్ల తరబడి ఆరలేదు. వీధి గోడల మీద బ్యానర్లు, ధర్నాలు, కోర్టు కేసులు, ఎన్నికలప్పుడల్లా హామీలు సాగుతూనే ఉన్నాయి.

వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఇండోనేషియా రాజ్యాంగం ప్రకారం భూమి రాజ్యం అదుపులో ఉంటుంది, అది రాజ్యం సొంత ఆస్తి కాదు. హక్ పెంగెలోలాన్ ఆ అదుపులో కొంత భాగాన్ని అప్పగించడమే. అది యాజమాన్య హక్కు కానప్పుడు నగరపాలక సంస్థ జమీందారులా కిరాయి ఎలా వసూలు చేస్తుంది? ఎన్నో ఏళ్లుగా అక్కడే కాపురం ఉన్నవారికే నేరుగా హక్కు పత్రం ఇవ్వాలి కదా?

నగరపాలక సంస్థ మాట కూడా కొట్టిపారేసేది కాదు. ఈ భూములు దాని ఆస్తుల పుస్తకంలో నమోదై ఉన్నాయి, ఆడిటర్లు ఏటా చూస్తారు. ఉచితంగా రాసిచ్చేస్తే ప్రజల ఆస్తికి నష్టం చేసినట్టవుతుంది. ఇండోనేషియా అవినీతి చట్టం కింద అలాంటి సంతకం పెట్టిన అధికారి జైలుకు పోవచ్చు. ఏ మేయర్ వచ్చినా మాటల్లో జాలి చూపించి సంతకం దగ్గర ఆగిపోవడానికి ఇదే అసలు కారణం. 2014లో భూమిని ఉంటున్నవాళ్లకు వదిలిపెట్టే నగర చట్టం వచ్చింది. కానీ అందులో మెలిక, స్థలానికి మదింపు వేసిన ధర కట్టాలి. “మా నేలను మేమే మళ్లీ కొనాలా?” అని జనం అడిగారు. ఇటీవలి ఏళ్లలో మధ్యేమార్గంగా హక్ పెంగెలోలాన్ మీదే హా-గే-బే పత్రాలు ఇస్తున్నారు. కొందరు తీసుకున్నారు, బ్యాంకు అప్పుకు పనికొస్తుందని. కొందరు వద్దన్నారు, అది తీసుకుంటే నేల నగరపాలక సంస్థదేనని ఒప్పుకున్నట్టు అవుతుందని. నా దృష్టిలో రెండో రకం వాళ్ల భయం న్యాయమైనది. హా-గే-బే పొడిగించాలన్నా, కొత్తగా తీసుకోవాలన్నా నేల మీద పెంగెలోలాన్ ఉన్నవాళ్ల సమ్మతి కావాలి. తాళం చెవి మళ్లీ అక్కడే ఉంటుంది.

చౌక ధరలో ఏం కొంటున్నట్టు?

సురత్ ఈజో ఇల్లు చౌకగా దొరుకుతుంది కాబట్టి, రేపు ప్రభుత్వం పట్టా ఇస్తే విలువ ఎగబాకుతుంది కాబట్టి ఇప్పుడే కొనిపెట్టుకోండి అని చెప్పే బ్రోకర్లు ఉంటారు. ఆ లెక్కలో లేనివి చాలా ఉన్నాయి.

మొదటిది అప్పు. 1996 నాటి తనఖా చట్టం ఏయే హక్కుల మీద తనఖా నమోదు చేయొచ్చో చెప్పింది. హక్ మిలిక్, హా-గే-బే, సాగు భూముల హక్కు, నమోదైన కొన్ని హక్ పకాయ్‌లు. వాడకం అనుమతి అందులో లేదు. కాబట్టి కొనేవాడు చేతి డబ్బుతోనే కొనాలి, రేపు అమ్మేటప్పుడు కూడా చేతి డబ్బున్నవాడినే వెతుక్కోవాలి. రెండోది పేరు మార్పు. అనుమతి కొత్త పేరుకు ఎక్కాలంటే నగరపాలక సంస్థ ఒప్పుకోవాలి, పాత బకాయిలు తీర్చాలి. కొన్ని ఇళ్ల మీద ఏళ్ల తరబడి రుసుము కట్టకుండా నిరసన తెలిపిన కుటుంబాల బకాయిలు పేరుకుపోయి ఉంటాయి. కొన్నవాడి మెడకు అవే చుట్టుకుంటాయి. మూడోది గడువు. 20 ఏళ్ల అనుమతిలో 17 ఏళ్లు అయిపోయి ఉంటే మీరు కొంటున్నది మిగిలిన మూడేళ్లు.

గుబెంగ్ స్టేషన్ చుట్టుపక్కల ఇంకో తలనొప్పి ఉంది. రైల్వే సంస్థ డచ్చి కాలపు ‘గ్రోండ్‌కార్త్’ అనే భూపటాలు చూపించి ఆ గీతల లోపలి నేలంతా తనదని అంటుంది. తరాలుగా ఉంటున్నవాళ్లు ఆ పటం హక్కు పత్రం కాదంటారు. పేటకో సంస్థ, సంస్థకో పాత పటం.

ఖర్చుల లెక్క కూడా ఒకసారి చూద్దాం. హక్ మిలిక్ ఉన్న ఇంటిని 200 కోట్ల రుపియాకు కొన్నారనుకోండి. వాళ్ల భాషలో 2 మిలియార్, మన డబ్బులో కోటి రూపాయలకు కాస్త అటూ ఇటూ. కొన్నవాడు హక్కు బదిలీ పన్ను 5 శాతం కట్టాలి. 8 కోట్ల రుపియా మినహాయింపు పోనిస్తే 192 కోట్ల మీద 5 శాతం, అంటే 9 కోట్ల 60 లక్షల రుపియా. అమ్మినవాడు 2.5 శాతం, అంటే 5 కోట్లు ఆదాయపు పన్నుగా కట్టాలి. దస్తావేజు రాసే అధికారి ఫీజు 1 శాతం దాటకూడదు. ఈ అధికారిని ‘పే-పే-ఆ-తే’ అంటారు. చాలాసార్లు నోటరీ కూడా ఆయనే. ఆయన ముందు సంతకం పెడితేనే అమ్మకం చెల్లుతుంది. దానికి ముందు జాతీయ భూ కార్యాలయంలో ఆ పత్రం అసలుదా కాదా, దాని మీద తనఖాలు, కేసులు ఉన్నాయా అని సరిచూస్తారు. మనం ఈసీ తీయించుకోవడం లాంటి పని అది. దానికి ముందే అడ్వాన్స్ మొత్తం ఇచ్చేసినవాళ్లకు ఆ తర్వాత చేతిలో మిగిలేది కాగితం మీద ఒప్పందం మాత్రమే.

ఇక విదేశీయుల సంగతి. ఉద్యోగం మీద సురాబాయాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి స్థానిక స్నేహితుడి పేరు మీద కొనమనే సలహా వస్తుంది. మన భాషలో బినామీ. 1960 చట్టంలోని 26వ అధికరణం దీని గురించి ముందే రాసిపెట్టింది. హక్ మిలిక్‌ను నేరుగా గానీ, వంకరదారిలో గానీ విదేశీయుడికి చేర్చే ఏ ఏర్పాటైనా చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే వీలు లేదు. స్నేహితుడు ఎంత మంచివాడైనా సరే. అతను చనిపోతే అతని పిల్లలు మీకు స్నేహితులు కారు. సక్రమమైన దారులు రెండే. వ్యక్తిగతంగానైతే నివాస అనుమతితో హక్ పకాయ్ ఇల్లు, లేదా 2021 నిబంధన తర్వాత హా-గే-బే భూమి మీద కట్టిన అపార్ట్‌మెంట్. వీటికి కనీస ధరలు నిర్ణయించారు, చౌక ఇళ్లు విదేశీయులకు అమ్మకూడదని. కంపెనీ ద్వారానైతే విదేశీ పెట్టుబడి సంస్థ పెట్టాలి, దానికి భూమి, భవనాలు పోను 1,000 కోట్ల రుపియాకు పైగా పెట్టుబడి చూపాలి. నాలుగు కోస్ గదుల కోసం ఎవరూ అంత దూరం పోరు. భారత్ నుంచి డబ్బు పంపేవారికి ఆర్‌బీఐ పెట్టిన ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఎలాగూ ఉంది.

అన్నీ చూసుకున్నాక నేలను కూడా చూడాలి. సురాబాయా సముద్రానికి అంటుకుని ఉన్న పల్లపు నగరం. వానాకాలంలో నీటిని పంపులతో తోడి బయటికి పంపాలి, ఎగువన జాగిర్ తూము తలుపులు నదిని అదుపు చేస్తాయి. గంట వాన పడితే ఏ గాంగ్‌లో నీళ్లు నిలుస్తాయో, ఏ ఇంటి గడప ఎందుకు రెండడుగులు ఎత్తు పెంచారో చూడాలంటే జనవరిలో వెళ్లాలి. ఎండాకాలంలో చూసి కొన్నవాళ్లకు ఆ గడప ఎత్తు అందంగా కనిపిస్తుంది.

2018 డిసెంబర్ 18 రాత్రి గుబెంగ్ ప్రధాన రహదారిలో ఒక ముక్క ఉన్నట్టుండి భూమిలోకి దిగబడిపోయింది. పక్కన ఒక పెద్ద భవనానికి సెల్లార్ తవ్వుతున్నారు, ఆ గోతి వైపు రోడ్డంతా జారిపోయింది. దీపస్తంభాలు వాలిపోయాయి, తారు పలకలుగా విరిగింది. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. నగరం రాత్రింబగళ్లు మట్టి పోసి ఆ నెలాఖరుకల్లా రోడ్డు మళ్లీ తెరిచింది. ఆ వేగాన్ని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఇల్లు కొనేవాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి. పక్క స్థలంలో ఎవరు, ఎంత లోతు తవ్వబోతున్నారన్నది మీ హక్కు పత్రంలో ఉండదు.

ఇక ఎర్-తే పెద్ద దగ్గరికి. ఇల్లు నచ్చితే బ్రోకరును పక్కన పెట్టి, బండి గాంగ్ మొదట్లో ఆపి, నడిచి ఆయన ఇంటికి వెళ్లండి. ఆ ఇంటి గురించి ఎక్కువ ప్రశ్నలు అక్కర్లేదు. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. తర్వాత, ఆ ఇంటికి ఏడాదికి ఎన్ని బిల్లులు వస్తాయో అడగండి. ఒకటే అంటే భూ కార్యాలయానికి వెళ్లి పత్రం సరిచూసుకోండి. రెండు అంటే, రెండో బిల్లు ఆఖరిసారి ఏ సంవత్సరంలో కట్టారో కూడా అడగండి.